మిత్రదేశానికి ఏమివ్వాలి: ఆయుధమా, అప్పా, శిక్షణా?

బొబ్బిలి యుద్ధం గురించి మా విజయనగరం వైపు చెప్పుకునేటప్పుడు కథ సాధారణంగా తాండ్ర పాపారాయుడి దగ్గర ఆగిపోతుంది. గజపతుల వైపు నుంచి చదివితే అదే కథ పరాయి సైనిక సాయం కథగా కనబడుతుంది. 1757 జనవరిలో విజయనగర ప్రభువు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను నమ్ముకొని బొబ్బిలి మీదికి వెళ్లాడు. కోట కూలింది గాని, కొద్ది రోజులకే ఆయన తన గుడారంలో హతుడయ్యాడు. ఆయన తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో చెడి ఆంగ్లేయులను పిలవగా, క్లైవు పంపిన ఫోర్డు సేన 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించి, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నాన్ని పట్టుకుంది. సాయానికి వచ్చిన ఆ ఆంగ్లేయ కుంపిణీ సేనతోనే 1794 జూలై 10న పద్మనాభం దగ్గర పోరాడి చిన విజయరామరాజు ప్రాణాలు కోల్పోయాడు. పిలిచిన నాటికీ ఆ నాటికీ మధ్య గడిచినవి 36 ఏళ్లే.

సైన్యాన్నే అరువు తెచ్చుకునే ఆ పద్ధతిని పక్కన పెడదాం. దెబ్బతిన్న మిత్రదేశం తన రక్షణ బలగాలను మళ్లీ నిలబెట్టుకోవడానికి ఈ రోజుల్లో ఇచ్చే సాయం ప్రధానంగా మూడు రూపాల్లో ఉంటుంది: తయారైన ఆయుధాలను ఉచితంగా ఇవ్వడం, కొనుక్కోవడానికి తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వడం, మనుషులకు శిక్షణనిచ్చి మరమ్మతు వ్యవస్థను ఏర్పరచడం. ముప్పై ఏళ్లు నౌకల మరమ్మతు పనిలో గడిపి రిటైరైనవాణ్ణి కాబట్టి మూడో దాని వైపు నా మొగ్గు సహజమేనని పాఠకులు అనుకోవచ్చు. అయినా కారణాలు చెబుతాను.

మొదటి రూపానికి ఉదాహరణ మనకు రెండు మూడు గంటల ప్రయాణ దూరంలోనే ఉంది. 1991లో నౌకాదళంలో చేరి 32 ఏళ్లు సేవ చేసిన ఐఎన్‌ఎస్ కృపాణ్ అనే కార్వెట్ (చిన్న యుద్ధనౌక) 2023 జూన్ చివరలో విశాఖపట్నం నుంచి బయలుదేరింది. జూలై 22న కామ్‌రాన్‌లో దానిని ఆయుధాలతో సహా వియత్నాం నౌకాదళానికి అప్పగించారు. నడుస్తున్న యుద్ధనౌకను మన దేశం మరో దేశానికి కానుకగా ఇవ్వడం మైత్రికి గట్టి గుర్తే. ఇటువంటి సాయంలోని గొప్ప సుగుణం వేగం. సంతకం జరిగిన కొద్ది నెలల్లో అవతలి రేవులో జెండా ఎగురుతుంది, రెండు దేశాల పత్రికల్లోనూ ఫోటో పడుతుంది.

చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ముప్పై ఏళ్లు దాటిన ఓడకు విడిభాగాలు బజారులో దొరకవు. ఒక పంపు సీలు అరిగినా, ఒక వాల్వు పట్టేసినా, ఇచ్చినవారి గోదాము వైపు చూడవలసిందే. మన తీరంలో భావనపాడు నుంచి కళింగపట్నం దాకా ఏ మత్స్యకారుణ్ణి అడిగినా, బోటుకు ఇంజను ఇచ్చిన పథకం కన్నా ఊళ్లో ఇంజను విప్పగలిగిన మనిషి ఉండటమే ముఖ్యమని చెబుతాడు. యుద్ధనౌకకు ఆ సూత్రం ఇంకా కఠినంగా వర్తిస్తుంది. ఉచిత ఆయుధానికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. సింధువీర్ జలాంతర్గామిని విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో బాగుచేసి 2020లో మయన్మార్‌కు ఇచ్చారు. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం అధికారాన్ని లాక్కుంది. ఏ పాలనను చూసి ఇచ్చామో అది పోయినా, ఇచ్చినది మాత్రం అక్కడే ఉండిపోతుంది.

అప్పు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. వియత్నాంకు ఇచ్చిన 10 కోట్ల డాలర్ల రుణంతో 12 వేగ గస్తీ పడవలు తయారయ్యాయి. వాటిలో అయిదు తమిళనాడులోని కాట్టుపల్లిలోనూ, ఏడు వియత్నాంలోని హాంగ్‌హా షిప్‌యార్డులోనూ కట్టారు. 2022 జూన్‌లో అవి చేతులు మారాయి. నాకు నచ్చినది ఆ ఏడు పడవలే. అక్కడి వెల్డరు, అక్కడి ఫిట్టరు కట్టిన పడవను రేపు బాగుచేసేదీ వారే. అయితే అప్పు తీర్చగల దేశానికే ఈ మార్గం పనికివస్తుంది. యుద్ధంలో చితికిపోయి జీతాలకే వెతుక్కునే ప్రభుత్వం నెత్తిన మరో బాకీ పెట్టడం సాయం అనిపించుకోదు.

ఇక శిక్షణ. వియత్నాం రష్యా నుంచి ఆరు కిలో తరగతి జలాంతర్గాములను కొన్నప్పుడు, వారి నావికులకు విశాఖలోని మన జలాంతర్గామి శిక్షణ కేంద్రం ఐఎన్‌ఎస్ శాతవాహనలో శిక్షణ ఇచ్చారు. మన సింధుఘోష్ తరగతి కూడా అదే నమూనా కాబట్టి నేర్పేవారికి ఆ యంత్రం నాడి తెలుసు. ఖర్చు పెద్దది కాదు, ఫోటోలూ తక్కువే. కాని ఇక్కడ నేర్చుకున్నవాడు తిరిగి వెళ్లి పదిమందికి నేర్పుతాడు. ప్రభుత్వం మారినా ఆ పని అతని చేతుల్లో ఉంటుంది.

శిక్షణ ఒక్కటే చాలునా అంటే చాలదనడానికి అఫ్ఘానిస్థాన్ సాక్ష్యం. అక్కడి భద్రతా బలగాల మీద అమెరికా దాదాపు 8,800 కోట్ల డాలర్లు వెచ్చించింది. విమానాల నిర్వహణ విదేశీ కాంట్రాక్టర్ల చేతిలో, జీతాల పట్టీలో అసలు ఉనికే లేని సైనికుల పేర్లు, ముందు వరుసకు అందని తిండి, మందుగుండు. 2021లో కాంట్రాక్టర్లు వెళ్లిపోగానే విమానాలు నేలకు అతుక్కున్నాయి, ఆగస్టు 15న కాబూల్ చేజారింది. డెహ్రాడూన్‌లోని మన సైనిక అకాడమీలో చదువుకున్న అఫ్ఘాన్ అధికారులు అసమర్థులు కారు. వారి వెనుక స్టోర్సూ, జీతాల లెక్కా నిలబడలేదు. లైబీరియాలో దీనికి భిన్నంగా జరిగింది. 2003లో అంతర్యుద్ధం ముగిశాక పాత సైన్యాన్ని పూర్తిగా రద్దుచేసి, ప్రతి అభ్యర్థి గతాన్ని వారి వారి ఊళ్లలో విచారించి, సుమారు 2,000 మందితో చిన్న సైన్యాన్ని మొదటినుంచి కట్టారు. 2014 దాకా దానికి నైజీరియా అధికారులే నాయకత్వం వహించారు, ఆ తరువాత స్థానికుడి చేతికి పగ్గాలు వచ్చాయి. ఆలస్యం నిజమే, కాని ఆ ఆలస్యంలోనే విచారణకు వ్యవధి దొరికింది.

శత్రువు సరిహద్దు దాటి వచ్చేసిన దేశానికి, ముందు శిక్షణ, తరువాతే ఆయుధం అనే క్రమం వర్తించదని ఒప్పుకోవాలి. 2022లో ఉక్రెయిన్‌కు ముందు మందుగుండే కావాలి, పాఠశాల కాదు. అక్కడ కూడా బ్రిటన్ అదే ఏడాది తన గడ్డ మీద వేల మందికి ప్రాథమిక శిక్షణ మొదలుపెట్టింది. ఒక్కొక్క దేశం ఒక్కొక్క రకం ఫిరంగి ఇవ్వడంతో 152, 155 మిల్లీమీటర్ల గుళ్లనూ, పది రకాల విడిభాగాలనూ ఒకే సైన్యం మోయవలసివచ్చింది. సాయం ఎక్కువైనప్పుడు కలిగే ఇబ్బంది ఇది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

కాబట్టి యుద్ధం ఆగి, పునర్నిర్మాణం సాగుతున్న మిత్రదేశం గురించి నన్ను అడిగితే, మొదట శిక్షకులనూ మరమ్మతు కర్మాగారాన్నీ, ఆ వెంటనే జీతాల లెక్క సరిచూసే వ్యవస్థనూ, ఆ దేశం సొంత చేతులతో విప్పి బిగించగలిగినన్ని ఆయుధాలనూ ఇమ్మంటాను. అప్పు అన్నిటికన్నా చివర, అదీ అక్కడి యార్డులో పని జరిగే షరతు మీద. మన సిబ్బంది అక్కడే ఉండి నడపవలసిన పరికరాన్ని మాత్రం ఇవ్వవద్దంటాను. మాల్దీవులకు ఇచ్చిన రెండు హెలికాప్టర్లనూ ఒక డోర్నియర్ విమానాన్నీ నడిపే మన సైనికులు అక్కడి ఎన్నికల అంశమై, 2024 మే నాటికి వారందరినీ వెనక్కి రప్పించి పౌర సాంకేతిక సిబ్బందిని పంపవలసివచ్చింది. కృపాణ్ విషయంలోనూ నేను ఎదురుచూసేది అప్పగింత ఫోటో కోసం కాదు. దాని తరువాతి పెద్ద మరమ్మతు వియత్నాం డాకులో, వియత్నాం ఫిట్టర్ల చేతి మీదుగా జరుగుతుందా, లేక ఓడను మళ్లీ విశాఖకు లాక్కురావలసి ఉంటుందా అన్నది చూడాలని ఉంది.