ఎక్స్‌పోర్ట్ కొడితే ఒత్తులు ఊడిపోయే యాప్

నా ఫోన్లోని ఈ వీడియో ఎడిటింగ్ యాప్‌లో, ప్రివ్యూ చూస్తే తెలుగు చక్కగా కనిపిస్తుంది. ఎక్స్‌పోర్ట్ కొట్టగానే ఒత్తులన్నీ ఊడిపోతాయి. నా గొడవంతా ఈ ఒక్కదాని గురించే. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే జబ్బు మరో రెండు యాప్‌లలోనూ చూశాను. కత్తిరింపులు, పాటలు, ఫిల్టర్ల గురించి ఇప్పటికే అందరూ రాశారు.

చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ, తెలిసినవాళ్లకి శుభలేఖ వీడియోలు చేసిపెడుతుంటాను. పెరంబూరులో మా పెద్దనాన్న వాళ్ల గృహప్రవేశానికీ ఒకటి చేశాను. ఆయన పక్కనే కూర్చుని, ప్రివ్యూ అక్షరం అక్షరం చదివి సరేనన్నాడు. అక్కడికక్కడే ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్చాను, బంధువుల గ్రూపులో పెట్టేశాడు. కాసేపటికే నెల్లూరు నుంచి మేనత్త ఫోన్: "ఒరే, మద్రాసులో తెలుగు ఇలాగే రాస్తార్రా?" తెరిచి చూస్తే "గృహప్‌రవేశం", "ముహూర్‌తం", పైన "శ్‌రీ". పెద్దమ్మ పేరు "లక్‌ష్‌మి". ఆవిడ ఏమీ అనలేదు గానీ, ఆ వీడియోని ఎవరికీ ఫార్వర్డ్ చేయలేదు.

కస్టమర్ సపోర్ట్‌కి రాస్తే ఫాంట్ మార్చి చూడమన్నారు. మండలి, రామభద్ర రెండూ పెట్టి చూశాను, అదే తంతు. తప్పు ఫాంటుది కాదు. "క్ష" అనేది ఫైల్లో క, పొల్లు, ష అని మూడు ముక్కలుగా ఉంటుంది. వాటిని కలిపి ఒత్తుగా మార్చే పని హార్ఫ్‌బజ్ లాంటి ప్రోగ్రాముది. ప్రివ్యూని ఫోన్ గీస్తోంది, ఎక్స్‌పోర్ట్‌లో యాప్ తన సొంత పద్ధతిలో గీస్తోందని నా అనుమానం. వీడియో ప్రోగ్రాముల్లో పెద్ద పేరున్న ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనే వీడియో మీద అక్షరాలు వేసే డ్రాటెక్స్ట్‌కి హార్ఫ్‌బజ్ 2023లో వచ్చిన 6.1 వెర్షన్‌తో గానీ జతకాలేదు.

ఆఫీసులో తమిళ మిత్రుడు తన వీడియోలు బాగానే వస్తున్నాయన్నాడు. వాళ్లకి పుళ్లి (మన పొల్లు లాంటిది) చుక్క ఎలాగూ పైకి కనబడేదే, ఒత్తుల బెడద తక్కువ. అయితే తమిళంలో ఎకారం గుర్తు అక్షరానికి ముందు రావాలి కదా, అతని వీడియోలో అది వెనక్కి పోయి ఉంది. చూపించాక అతనికీ కోపమొచ్చింది.

ప్రస్తుతానికి వేరే యాప్‌లో తెలుగు రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి వీడియో మీద పెడుతున్నాను. ఒత్తులు భద్రం. కానీ ముహూర్తం పది నిమిషాలు జరిగితే బొమ్మ మళ్లీ చేయాలి, అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చే ఎఫెక్ట్ మీద ఆశ వదులుకోవాలి. పసుపు మీద ఎరుపు అక్షరాలు మాత్రం ఇలా చేసినా అలుక్కుపోతాయి. వీడియోలో రంగుల వివరం వెలుగునీడలంత సూక్ష్మంగా దాచరు మరి.

మొదట్లో ఈ యాప్‌కి అయిదు స్టార్లు ఇచ్చాను. అప్పట్లో నేను వేసేవన్నీ ఇంగ్లిష్ పేర్లే. ఆ రివ్యూలో దీని వేగాన్ని మెచ్చుకుంటూ రాసింది ఇప్పటికీ నిజమే, ఫోన్ వేడెక్కనంతవరకు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు షాట్‌కట్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాము వాడి చూడండి. ఉచితం, విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ ఫాంటుతో నాకు ఒత్తులు సరిగ్గానే వచ్చాయి. నా పాత ల్యాప్‌టాప్‌కి అది బరువు, పైగా నేను ఈ పని చేసేది ఎక్కువగా లోకల్ ట్రైన్‌లో. అందుకే ఆటోపే ఆపేశాను గానీ, యాప్‌ని ఇంకా తీసేయలేదు.