మూడు నిమిషాల దగ్గర తెగిపోయిన పాట: బ్లైండ్ ఫెయిత్ ఎల్‌పీ ఎలా ఉందంటే

ప్లేటు వచ్చింది, అదే, బ్లైండ్ ఫెయిత్ ఎల్‌పీ గ్రామఫోన్ రికార్డు. మూల నొక్కుకుపోయి వచ్చింది. ముందు ఆ సంగతి చెప్పేసి పాటల్లోకి వెళ్తాను. మూడు వేల చిల్లర పోసి కొన్న ఎల్‌పీని పల్చటి అట్టపెట్టెలో, ఒక్క బబుల్ షీటు కూడా చుట్టకుండా బరంపురం దాకా పంపించిన ఆ అమ్మకందారుకి దండం పెట్టాలి. ఫోన్ చేసి అడిగితే "ప్లేటు పగల్లేదు కదా సార్" అన్నారు. నిజమే, పగల్లేదు. కవరు కింది మూల మాత్రం అప్పడం విరిగినట్టు విరిగింది. (బరంపురంలో ఉంటూ అప్పడం కాక ఇంకేం పోలిక వస్తుంది.)

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1968 నవంబర్‌లో క్రీమ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ఆఖరి కచేరీ అయిపోయింది. అందులో గిటార్ వాయించిన ఎరిక్ క్లాప్టన్, డ్రమ్స్ వాయించిన జింజర్ బేకర్, ట్రాఫిక్ బ్యాండ్ నుంచి స్టీవ్ విన్‌వుడ్, ఫ్యామిలీ అనే బ్యాండ్ నుంచి రిక్ గ్రెచ్, ఈ నలుగురూ 1969లో కలిసి బ్లైండ్ ఫెయిత్ అని పేరు పెట్టుకున్నారు. జూన్ 7న లండన్ హైడ్ పార్క్‌లో ఉచితంగా మొదటి కచేరీ, లక్ష మంది దాకా జనం. ఆగస్టులో ఆల్బమ్, అటు ఇంగ్లండ్‌లో ఇటు అమెరికాలో నంబర్ వన్. అదే ఆగస్టు 24న హవాయిలో ఆఖరి కచేరీ. మొదటిదానికీ ఆఖరిదానికీ మధ్య మూడు నెలలు కూడా లేవు. మన దగ్గర సంబంధం కుదిరాక ముహూర్తం పెట్టుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

మాకు ఈ బ్యాండ్ పరిచయమైంది ఒక సిక్స్‌టీ కాసెట్టులో. మా పెద్దమ్మ కొడుకు ఓడల్లో పనిచేసేవాడు, సెలవుకి వచ్చినప్పుడల్లా ఇలాంటివి ఏవో పట్టుకొచ్చేవాడు. అన్నయ్య దగ్గరున్నదాన్ని కాలేజీ స్నేహితుడి ఇంట్లో రెండు కాసెట్లు పట్టే డబుల్ డెక్ మీద కాపీ చేసుకున్నాం. సిక్స్‌టీ అంటే ఒక వైపు 30 నిమిషాలు. ఎల్‌పీ మొదటి వైపు నాలుగు పాటలు కలిపి 21 నిమిషాల పైచిలుకు, రెండో వైపు మొదటి పాట ఇంకో 5, అక్కడికి దాదాపు 27 అయిపోయాయి. ఆ తర్వాత 'డు వాట్ యు లైక్' మొదలై, మూడు నిమిషాలు నడిచి, టక్కుమని ఆగిపోయేది. కాసెట్టు తిప్పితే ఘంటసాల పద్యాలు. అవి నాన్నవి. వాటిమీద రికార్డు చేస్తే ఇంట్లో అన్నం పుట్టేది కాదు.

అసలు పాటే అంతేనేమో అనుకుంటూ ఏళ్ళు గడిపేశాం. అది 15 నిమిషాల పాటని చాలా ఆలస్యంగా తెలిసింది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా మేడమీది గది రేకులు లేచిపోయి, కాసెట్ల పెట్టె మొత్తం నానిపోయింది. ఘంటసాల పద్యాలూ పోయాయి, క్లాప్టనూ పోయాడు. తర్వాత ఫోన్‌లో వెతికి విన్న మాట నిజమే గానీ, ఉన్నమాట చెప్పాలంటే ఆ పొడుగు పాట సగంలో డ్రమ్స్ వచ్చేసరికి ముందుకి జరిపేసేవాణ్ణి.

అందుకని ఈసారి నలుగురం కూర్చున్నాం, ఎవరూ ఏదీ జరపకూడదని షరతు. నేను, మా బావ, మెడికల్ కాలేజీ దగ్గర మందుల షాపు ఉన్న మా స్నేహితుడు, పక్క వీధి మృదంగం మాస్టారు. మాస్టారికి ఈ బ్యాండ్ గురించి ఏమీ తెలియదు, బావ బలవంతం మీద వచ్చారు. ప్లేయరు సెకండ్ హ్యాండ్‌ది, ముల్లు మార్చి ఏడాది అయింది, కాబట్టి శబ్దం గురించి నేను చెప్పేదాంట్లో కొంత తప్పు నా ముల్లుదీ కావచ్చు.

'హ్యాడ్ టు క్రై టుడే' మొదలవగానే నాకు తేడా తెలిసింది. మా పాత టేప్ రికార్డరుకి ఒకటే స్పీకరు. పాట చివర్లో రెండు గిటార్లు చెరో స్పీకర్లోంచి ఒకదాని మీద ఒకటి పడి వాయిస్తాయని, అది ఒకే గిటారు కాదని ఇన్నేళ్ళకి విన్నాను. రిక్ గ్రెచ్ బేస్ కూడా అంతే, కాసెట్టులో అది ఉందో లేదో తెలిసేది కాదు, ఇక్కడ కుర్చీ కాళ్ళలోంచి వస్తోంది.

'క్యాంట్ ఫైండ్ మై వే హోమ్' గురించి కొత్తగా చెప్పేదేముంది. గిటార్ లావు తీగని డి స్వరానికి దించుకుని వాయించాలి, బావ గిటార్ నేర్చుకున్నదే ఈ ఒక్క పాట కోసం, ఇప్పటికీ ఇదొక్కటే సరిగ్గా వస్తుంది. విన్‌వుడ్‌కి అప్పటికి 21 ఏళ్ళు. ఆ గొంతులో అంత అలసట ఎక్కణ్ణుంచి వచ్చిందో. పైగా డ్రమ్స్ పగలగొట్టేస్తాడని పేరున్న బేకర్ ఇక్కడ పక్కింటివాళ్ళు నిద్రపోతున్నారన్నట్టు వాయిస్తాడు. తర్వాత వచ్చేది బడ్డీ హాలీ అనే పాత రాక్ గాయకుడి పాట, పర్వాలేదు, అంతే.

ఇక 'ప్రెజెన్స్ ఆఫ్ ది లార్డ్'. నెమ్మదిగా మొదలయ్యేసరికి లోపల్నుంచి అమ్మ "ఇది దేవుడి పాటేనా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను, అబద్ధం కాదుగా. "అయితే పెట్టుకోండి" అంది. సరిగ్గా సగానికి వచ్చేసరికి పాట పరుగందుకుని, క్లాప్టన్ వావా పెడల్ (గిటార్ చేత వా-వా అని అరిపించే కాలిమీట) తొక్కి విరుచుకుపడ్డాడు. అమ్మ తలుపు వేసేసుకుంది.

ఇక్కడే గొడవ మొదలైంది. బావ ఎప్పటినుంచో ఒకటే మాట, క్లాప్టన్ ఈ రికార్డులో బద్ధకించాడు, క్రీమ్‌లో వేదిక మీద పావుగంటసేపు ఊపిరాడనివ్వకుండా వాయించినవాడు ఇక్కడ ఆ ఒక్క సోలో తప్పించి దాక్కున్నాడు అని. "డబ్బులు పెట్టి కొన్నది గిటారిస్టు కోసం కదా బావా, ఆయన కనపడకపోతే ఎలా?" అన్నాడు. దాక్కున్నాడన్న మాట నేనూ ఒప్పుకుంటాను, బద్ధకం అంటే మాత్రం ఒప్పుకోను. ఈ పాట రాసింది క్లాప్టనే. పాడటం విన్‌వుడ్‌కి వదిలేశాడు. అమెరికా వెళ్తే అక్కడి జనానికి కావలసింది క్రీమ్ పాటలు, వీళ్ళూ వాయించక తప్పలేదు. అంటే ఏ హడావిడి వదిలించుకోవాలని బయటికి వచ్చాడో అదే మళ్ళీ వెంటపడింది. అదే టూర్‌లో వీళ్ళ ముందు పాడటానికి వచ్చిన డెలనీ అండ్ బానీ బృందంతో కలిసి తిరగడం ఆయనకి బాగా నచ్చింది. బ్లైండ్ ఫెయిత్ చెదిరిపోయాక వాళ్ళ పక్కన మామూలు గిటారు మనిషిగా నిలబడి వాయించాడు. 1970లో డెరెక్ అండ్ ది డామినోస్ పెట్టుకున్నదీ ఆ బృందంలోని మనుషులతోనే, బ్యాండ్ పేరులో కూడా తన అసలు పేరు లేకుండా. ఆ దృష్టితో వింటే ఈ ఎల్‌పీలో ఆయన తగ్గి వాయించిన ప్రతి చోటూ నాకు నచ్చుతుంది. బావకి నచ్చదు. మందుల షాపు వాడికి ఈ గొడవే పట్టదు, వాడికి 2008లో క్లాప్టన్, విన్‌వుడ్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు రాత్రులు కలిసి వాయించిన రికార్డింగే ఇష్టం. అది శుభ్రంగా ఉంటుంది, కాదనను. కానీ అందులో బేకర్ లేడు.

ప్లేటు తిప్పాం. రెండో వైపు మొదట్లో చిటపటలు బాగా ఉన్నాయి, బ్రష్‌తో తుడిస్తే సగం తగ్గాయి. కొత్త ప్లేటుకి ఇది ఉండకూడదు. 'సీ ఆఫ్ జాయ్'లో గ్రెచ్ వయొలిన్ కూడా వాయించాడు, అది వచ్చినప్పుడు మాస్టారు మొదటిసారి తల ఎత్తారు.

తర్వాత మా తెగిపోయిన పాట. మూడు నిమిషాల దగ్గరికి వచ్చేసరికి నేనూ బావా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఆగిపోతుందేమోనని. ఆగలేదు. విన్‌వుడ్ ఆర్గన్ అందుకున్నాడు, తర్వాత క్లాప్టన్. అప్పటికే మాస్టారి చెయ్యి తొడ మీద నడుస్తోంది. "ఇది ఖండ చాపు కదండీ" అన్నారు. ఐదు దెబ్బలు, తక తకిట, తక తకిట. ఐదు దెబ్బల లెక్క ఉందని నాకు తెలుసు గానీ, ఇలా చేత్తో వేసి చూపించేదాకా ఒంటికి తెలియలేదు. గిటార్ అయ్యాక బేస్, ఆ తర్వాత బేకర్ ఒక్కడే. బావ లేచి "టీ పట్టుకొస్తా" అన్నాడు. మాస్టారు నవ్వి, "తని ఆవర్తనం మొదలవగానే, అదే, మృదంగం ఒంటరిగా వాయించేటప్పుడు, కాఫీకి లేచేవాళ్ళు మా కచేరీల్లోనూ ఉంటారు బాబూ" అన్నారు. బావ కాస్త సిగ్గుపడ్డాడు గానీ ఆగలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం మారిందా అంటే సగం మారింది. 15 నిమిషాలు ఎక్కువే, బేస్ దగ్గర కొంచెం కోసేసినా నష్టం లేదు. కానీ ఫోన్‌లో జరిపేస్తూ విన్నది విన్నట్టు కాదు, ఆ డ్రమ్స్ ఆ ఐదింటి లెక్కలోకి తిరిగి వచ్చి పడేచోటు దొరికితే ఒళ్ళు జలదరిస్తుంది.

కొనాలా వద్దా? మొత్తం ఆరు పాటలు, 42 నిమిషాలు, దానికి మూడు వేల పైన అంటే నాకే కొంచెం మనసు ఒప్పలేదు. ఎక్స్‌ట్రాలు ఏమీ లేవు, వీళ్ళు స్టూడియోలో ఊరికే వాయించుకుంటూ పోయిన పొడుగు జామ్‌లు కావాలంటే 2001లో వచ్చిన డీలక్స్ ఎడిషన్ ఉంది. కవరు సంగతి ఒకటి: అప్పట్లో అసలు కవరు మీది బొమ్మకి పెద్ద గొడవై, అమెరికాలో బ్యాండ్ ఫోటో పెట్టి కూడా అమ్మారు. నాకు వచ్చింది ఆ ఫోటో ఉన్నదే, ఇంట్లో గోడకి పెట్టుకోవడానికి అదే నయం. మంచి స్పీకర్లు రెండు ఉంటే కొనండి. ఒక్క బ్లూటూత్ స్పీకరే ఉంటే డబ్బులు దాచుకోండి. సంగీతానికి 5కి నాలుగున్నర, ప్రెస్సింగ్‌కి, అంటే ప్లేటు అచ్చు నాణ్యతకి, మూడు, ప్యాకింగ్‌కి ఒకటి, అది కూడా ప్లేటు పగల్లేదు కాబట్టి.

పాట అయిపోగానే మాస్టారు "ఆ ఆఖరిది మళ్ళీ ఒకసారి వేయండి" అన్నారు. వేశాను. బేకర్ మళ్ళీ ఒంటరిగా వాయిస్తుండగా బావ టీ గ్లాసులతో లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇదేటి బావా, ఇంకా అవలేదా?"