టెస్టోస్టెరాన్: ఇంజెక్షనా, జెల్లా? అరవై దాటినవాళ్ళకి ఏది మేలు?

నేను టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) మందు వాడుతున్నానని తెలిసినప్పట్నించీ నా ఈడు వాళ్ళు ఎవరు ఫోన్ చేసినా చివరికి అడిగేది ఇదే, ఇంజెక్షన్ తీసుకోమంటావా జెల్ రాసుకోమంటావా అని. నాకిప్పుడు 66. రెండేళ్ళు ఇంజెక్షన్ చేయించుకున్నా, ఏడాదిన్నరగా జెల్ రాసుకుంటున్నా, రెండూ నా ఒంటి మీద చూసినవే. అసలు ఈ మందు అవసరమా కాదా అనే చర్చ ఇక్కడ పెట్టను. పొద్దున్నే పరగడుపున రెండు వేర్వేరు రోజుల్లో టెస్ట్ చేయిస్తే రెండుసార్లూ తక్కువే వచ్చి, లక్షణాలు కూడా ఉండి, డాక్టర్ మందు రాసినవాళ్ళ కోసమే ఇది. ఊరికే నీరసంగా ఉంటోందని మొదలుపెడదామనుకునేవాళ్ళు మాత్రం ఒకటి తెలుసుకోండి, 65 దాటిన 790 మంది మీద చేసి 2016లో బయటపెట్టిన ట్రయల్స్‌లో లైంగిక కోరిక, సామర్థ్యం కొంత మెరుగయ్యాయి గానీ ఓపిక విషయంలో పెద్ద తేడా ఏం రాలేదు.

ముందు ఇంజెక్షన్ సంగతి. నాది రెండు వారాలకోసారి 200 మిల్లీగ్రాములు. మొదటి వారం ఒళ్ళు తేలిగ్గా, మనసు హుషారుగా ఉండేది, పదో రోజు దాటాక దిగజారిపోయేది. ఒకరోజు కళ్ళజోడు పెట్టె కనపడలేదని ఇంట్లో అందరి మీదా గట్టిగా అరిచేశా, మా ఆవిడ ఏం మాట్లాడకుండా క్యాలెండర్ తీసుకొచ్చి నా ముందు పెట్టింది, సూది వేసిన రోజులకి సున్నాలు చుట్టి నేను చిరాకుపడ్డ రోజుల్లో చుక్కలు పెట్టుకుందట. చుక్కలన్నీ పదకొండో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలోనే ఉన్నాయి! అది చూశాక గానీ నాకు అర్థం కాలేదు, మందు ఒకేసారి ఎక్కి మెల్లగా దిగిపోతోందని. దీనికి ఉపాయం లేకపోలేదు, అదే డోసుని సగం చేసి వారం వారం తీసుకుంటే ఎగుడుదిగుడు చాలావరకు తగ్గుతుంది, డాక్టర్ దగ్గర నేర్చుకుని సన్నసూదితో ఇంట్లోనే వేసుకునేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి మూడ్ ఒక్కటే సమస్య అయితే నేను జెల్‌కి మారేవాడినే కాదు.

నన్ను మార్చింది రక్తం. మన వయసులో చూడాల్సింది ఏది ఎక్కువ బలం ఇస్తుందని కాదు, ఏది రక్తాన్ని తక్కువ చిక్కబరుస్తుందని. టెస్టోస్టెరాన్ ఎర్రకణాల తయారీని పెంచుతుంది, ఏ రూపంలో తీసుకున్నా పెంచుతుంది, కానీ ఇంజెక్షన్‌లో మందు ఒక్కసారిగా పైకి లేస్తుంది కాబట్టి ఆ పెరుగుదల జెల్ కన్నా ఎక్కువ కనపడుతుంది, వయసు మీదపడినవాళ్ళలో ఇంకా ఎక్కువ. నాకు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే అంకె) మొదట్లో 45 ఉండేది, రెండో ఏడాది చివర 55కి వచ్చింది. 54 దాటితే మందు ఆపాలి. మొహం ఎర్రబడటం, తల బరువుగా ఉండటం అప్పటికి కొన్ని నెలలుగా ఉన్నా హుషారు వల్లే అనుకున్నా, ఆ పొరపాటు మీరు చెయ్యొద్దు. డాక్టర్ మందు ఆపించి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుందేమో చూపించి (అది ఉన్నా రక్తం చిక్కబడుతుంది), అంకె దిగాక జెల్ మొదలుపెట్టారు. ఇప్పుడు 48 దగ్గర నిలబడింది. రక్తం ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని ఒకాయన అడిగాడు, మాటిమాటికీ ఇస్తుంటే ఐరన్ తగ్గిపోతుంది, డోసు తగ్గించకుండా రక్తం తీస్తూ కూర్చోవడం పద్ధతి కాదు.

ఇంకో మాట కూడా ఉంది. 2023లో వచ్చిన ట్రావర్స్ ట్రయల్‌ని చూపించి గుండెకి భయం లేదంటారు. నిజమే, గుండెజబ్బు గానీ దాని ముప్పు గానీ ఉన్న 45 నుంచి 80 ఏళ్ళ మగవాళ్ళు 5,200 మందికి పైగా ఉన్న ఆ ట్రయల్‌లో గుండెపోట్లు, స్ట్రోక్‌లు, గుండె మరణాలు అన్నీ కలిపి మందు వాడినవాళ్ళలో 7 శాతం, ఉత్తుత్తి జెల్ రాసుకున్నవాళ్ళలో 7.3 శాతం. కానీ ఊపిరితిత్తుల్లో గడ్డలు, గుండె లయ తప్పడం మందు వాడినవాళ్ళలోనే కొంచెం ఎక్కువ. పైగా వాళ్ళు వాడింది జెల్. ఆ ధైర్యాన్ని రెండు వారాల ఇంజెక్షన్‌కి అలాగే తగిలించుకోకూడదని నా అభిప్రాయం.

మరి జెల్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. రోజూ రాసుకోవాలి, కొందరి చర్మం సరిగ్గా పీల్చుకోదు, వాళ్ళకి ఎంత రాసినా అంకె పెరగదు. అన్నిటికన్నా పెద్దది, మన ఒంటి మీది మందు పసిపిల్లలకి అంటుకోవడం. అలా అంటుకుని చిన్నపిల్లల్లో పెద్దయ్యాక రావాల్సిన మార్పులు ముందే వచ్చాయని 2009లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేబుల్ మీద పెట్టె గీయించి మరీ హెచ్చరిక రాయించింది. మా మనవరాలికి నాలుగేళ్ళు, ఒకరోజు పొద్దున్నే నిద్రకళ్ళతో చేతులు చాపుకుంటూ వచ్చింది, అప్పుడే భుజాలకి రాసుకుని ఉన్నా, గబుక్కున వెనక్కి జరిగేసరికి పిల్ల బిత్తరపోయి ఏడ్చింది. ఆ ఏడుపు నాకింకా గుర్తే. అప్పట్నించి స్నానం చేసి, గది గడియ పెట్టుకుని రాసుకుంటా, ఆరాక చొక్కా తొడిగి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని బయటికొస్తా. సాయంత్రం ఎత్తుకునే ముందు భుజాలు మళ్ళీ సబ్బుతో కడిగేస్తా. ఇంత పట్టుదలగా చెయ్యలేం అనుకుంటే, ఇంట్లో పసివాళ్ళుంటే, మొహమాటం లేకుండా వారం వారం చిన్న డోసు ఇంజెక్షనే తీసుకోండి, మూడు నాలుగు నెలలకోసారి హెమటోక్రిట్ చూయించుకుంటూ.

మిగతావి క్లుప్తంగా. పది పద్నాలుగు వారాలకోసారి వేసే 1000 మిల్లీగ్రాముల పెద్ద ఇంజెక్షన్ నిలకడగానే ఉంటుంది, కానీ రక్తం చిక్కబడితే వేసిన మందుని వెనక్కి తీయలేం, చర్మం కింద పెట్టే గుళికలదీ అదే గొడవ. చర్మం మీద అంటించే ప్యాచ్‌లకి దద్దుర్లు. కొత్త రకం క్యాప్సూల్స్ భోజనంతో రోజుకి రెండుసార్లు, బీపీ ఉన్నవాళ్ళకి నేను చెప్పను. పాత మిథైల్ టెస్టోస్టెరాన్ మాత్రలు లివర్‌కి చేటు, వాటి జోలికే పోవద్దు.

జెల్ మొదలుపెట్టినవాళ్ళు టెస్టోస్టెరాన్ టెస్ట్‌కి వెళ్ళేటప్పుడు రాసుకున్నాక రెండు గంటలైనా గడవనివ్వండి, వారానికో రెండు వారాలకో ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళయితే రెండు సూదులకి సరిగ్గా మధ్య రోజున రక్తం ఇవ్వండి. జెల్ రాసిన చేతి నుంచి మాత్రం రక్తం తీయనివ్వొద్దు, చర్మం మీది మందు కలిసి అంకె లేనిపోని ఎత్తుకి పోతుంది, నాకోసారి అలాగే వచ్చి డోసు తగ్గించేవరకూ వెళ్ళింది.