షుగర్ ప్యాకేజీలు కొనేవాళ్ళకి హెచ్చరిక: మా అమ్మ పాదం చూడకుండానే నాలుగుసార్లు "నార్మల్" అని రాశారు

అమ్మకో నాన్నకో ఏడాది షుగర్ ప్యాకేజీ కొందామనుకుంటున్నవాళ్ళు ముందు ఇది చదవండి. ముఖ్యంగా అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి, ఇక్కడున్న పెద్దవాళ్ళ కోసం ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి హమ్మయ్య అనుకునేవాళ్ళు. మా అన్నయ్య అలాగే కట్టాడు, డల్లాస్ నుంచి. కట్టమని చెప్పింది నేనే. కంప్లైంట్ ఇంకా పెట్టలేదు కాబట్టి క్లినిక్ పేరు రాయడం లేదు. విజయవాడ వాళ్ళయితే వాళ్ళ పాంప్లెట్ మీ ఇంటికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది, ఎవరి గురించి చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

నిన్న మధ్యాహ్నం నుంచి చేతులు వణుకుతూనే ఉన్నాయి, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

అమ్మకి 63, షుగర్ వచ్చి 17 ఏళ్ళు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వేసుకుంటుంది, రెండేళ్ళుగా రాత్రిపూట ఇన్సులిన్ కూడా. పోయిన ఆగస్టులో 14,999 కట్టి ప్యాకేజీ తీసుకున్నాం. ఏడాదిలో ఆరుసార్లు డాక్టర్ చూస్తారు, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), డైటీషియన్, కళ్ళ పరీక్ష, పాదాల పరీక్ష అన్నీ అందులోనే. పాదాల పరీక్షకైతే పాంప్లెట్‌లో పెద్ద ఫొటో వేశారు, నర్సు ఒక పెద్దావిడ పాదం రెండు చేతులతో పట్టుకుని చూస్తూ ఉంటుంది. ఆ ఫొటో చూసే నేను సరేనన్నాను. ఎందుకంటే అమ్మ అప్పటికే అరికాళ్ళు మంటలని రాత్రిళ్ళు తడిగుడ్డ చుట్టుకుని పడుకునేది.

నాలుగుసార్లు వెళ్ళాం. ప్రతిసారీ అదే వరస, తొమ్మిదింటికి టోకెన్, పదకొండున్నరకి పిలుపు, లోపల మూడు నిమిషాలు. రిపోర్టు చూడ్డం, హెచ్‌బీఏ1సీ 8.9 ఉంది అన్నం తగ్గించండి అనడం, ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచడం, నెక్స్ట్ అనడం. మూడోసారికి అది 9.4 అయింది. ఎందుకు పెరిగింది, ఇన్సులిన్ ఎలా చేసుకుంటున్నారు, ఎక్కడ పొడుస్తున్నారు అని ఒక్క మాట అడిగింది లేదు.

మార్చిలో నాలుగోసారి వెళ్ళినప్పుడు అమ్మే నోరు తెరిచి చెప్పింది. డాక్టర్ ముందు మామూలుగా మాట్లాడే మనిషి కాదు. "బజార్లో కాలి నుంచి చెప్పు ఊడిపోయిందండీ, నాకు తెలీనే లేదు, వెనక నుంచి ఎవరో అమ్మాయి పిలిచి ఇచ్చింది, అప్పటిదాకా ఒంటి చెప్పుతోనే నడిచాను" అంది. "దూది మీద నడుస్తున్నట్టుంటోందండీ" అని కూడా అంది. ఆయన కంప్యూటర్ మీది నుంచి తల తిప్పలేదు. "షుగర్ అన్నాక తిమ్మిర్లుంటాయమ్మా, వయసు కూడా వచ్చింది కదా" అని బీకాంప్లెక్స్ రాశారు. "సార్, ఒకసారి కాళ్ళు చూస్తారా, ప్యాకేజీలో పాదాల పరీక్ష ఉంది కదా" అని నేనడిగాను. "బయట నలభై మంది కూర్చున్నారు. ఏం చూడాలో మీరు చెప్తే నేను చూడాలా?" అన్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది, పద పద అని. నేను లేచి వచ్చేశాను. ఆ కుర్చీలోంచి ఎందుకు లేచానా అని ఇప్పటికి ఎన్ని రాత్రులు అనుకున్నానో లెక్క లేదు.

ఏప్రిల్ చివర్లో గుళ్ళో ప్రదక్షిణలు చేసింది. పన్నెండు గంటల ఎండ, కింద నల్ల బండలు. మిగతావాళ్ళంతా కాళ్ళు కాలి నీడకి పరిగెడుతుంటే అమ్మ మాత్రం పదకొండూ పూర్తి చేసింది. కాలట్లేదా అని నాన్న అడిగితే, లేదే అందిట. మర్నాడు పొద్దున దుప్పటి మడత పెడుతుంటే కాళ్ళ వైపు అరచేతంత తడి మరక, పసుపు రంగులో. కాలెత్తి చూస్తే కుడి అరికాల్లో రెండో వేలి మొదట్లో పొక్కు చితికి చర్మం ఊడిపోయి ఉంది. నొప్పి లేదంది. నొప్పి లేదు కదా పెద్దదేమీ కాదులే అని మేమూ అనుకున్నాం. క్లినిక్ వాట్సాప్‌కి ఫొటో పెడితే "బెటాడిన్ పెట్టండి, 9వ తేదీకి అపాయింట్‌మెంట్ ఇచ్చాం" అని జవాబొచ్చింది. ఐదో రోజుకి చలిజ్వరం, వేలు నల్లబడింది, గదిలోకి వెళ్తేనే వాసన. అప్పుడు గుంటూరులో వేరే ఆసుపత్రికి పరిగెత్తాం.

ఆ వేలికి మెట్టె ఉంది. వాపులో పూర్తిగా కూరుకుపోయింది. నర్సమ్మ చిన్న కట్టర్‌తో దాన్ని కోసి తీస్తుంటే, అమ్మ నొప్పికి కాదు, మెట్టె కోస్తున్నందుకు ఏడ్చింది. ఇన్ఫెక్షన్ ఎముకలోకి వెళ్ళిందని పరీక్షల్లో తేలింది. రెండో రోజు ఆ వేలు తీసేశారు.

అక్కడి డాక్టరమ్మ ఏం చేశారో చెప్పాలి. స్టూలు మీద కూర్చుని, అమ్మ బాగున్న కాలిని తన ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకోమని చెప్పి, సన్నటి నైలాన్ దారం లాంటిదానితో అక్కడక్కడా తాకారు, తగిలినప్పుడు చెప్పమన్నారు. మోనోఫిలమెంట్ అంటారట దాన్ని. పదిచోట్ల తాకితే అమ్మ రెండుసార్లే ఊఁ అంది. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ అని, కొడితే అదిరే లోహపు కడ్డీ మోగించి బొటనవేలి మీద పెట్టారు, ఆ అదురూ తెలియలేదు. మొత్తం రెండు మూడు నిమిషాలు పట్టింది. ఈ స్పర్శ పోవడం నెలలో జరిగేది కాదు, ఏళ్ళ తరబడి జరిగి ఉంటుంది, ఏడాదికి ఒకసారైనా చూడాల్సిన పరీక్ష ఇది అన్నారు. ముందే తెలిస్తే ఉత్తకాళ్ళతో నడవొద్దని, ఎంసీఆర్ చెప్పులు (షుగర్ వాళ్ళ కోసం చేసే మెత్తటి రబ్బరు చెప్పులు) వేసుకోమని, రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోమని చెప్పేవాళ్ళట. ఇంతే. ఈ నాలుగు మాటలు ఆగస్టులో ఎవరైనా చెప్పి ఉంటే అమ్మ ఆ బండల మీద కాలు పెట్టేది కాదు.

ఇక అసలు సంగతి. డిశ్చార్జి అయ్యాక క్లినిక్‌కి వెళ్ళి ఫైలు కాపీ అడిగాను. ఇవ్వం, అది ఆఫీసు రికార్డు అన్నారు. 2002 మెడికల్ ఎథిక్స్ నిబంధనల ప్రకారం పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. నిన్న ఇచ్చారు. కౌంటర్ దగ్గరే నిలబడి తిప్పాను. ఆగస్టు, పాదాల పరీక్ష నార్మల్, స్పర్శ ఉంది, రెండు కాళ్ళూ. నవంబరు, నార్మల్. జనవరి, నార్మల్. మార్చి, అమ్మ చెప్పు ఊడిపోయిన సంగతి చెప్పిన రోజు, నేను నోరు తెరిచి అడిగి తిట్టు తిన్న రోజు, అప్పుడు కూడా నార్మల్, స్పర్శ ఉంది, రెండు కాళ్ళూ. నాలుగుసార్లలో ఒక్కసారి కూడా అమ్మని చెప్పులు విప్పమన్నవాళ్ళు లేరు.

మేనేజర్ని పిలవమన్నాను. ఆయనొచ్చి కాగితం చూసి మామూలుగా చెప్పాడు, "అది సాఫ్ట్‌వేర్‌లో దానంతటదే వస్తుంది మేడమ్. డాక్టర్ గారు మార్చకపోతే నార్మల్ అనే ప్రింటవుతుంది." నాకు కాసేపు మాట రాలేదు. మా అమ్మ పాదం గురించి ఒక మెషీను నాలుగుసార్లు రాసింది, కింద ఒక మనిషి నాలుగుసార్లు సంతకం పెట్టాడు. వేలు తీసేశారండీ అన్నాను. "సారీ మేడమ్, అయినా పేషెంటు కూడా జాగ్రత్తగా ఉండాలి కదా" అన్నాడు. డబ్బు తిరిగి ఇమ్మంటే, "ఇంకా రెండు విజిట్లున్నాయి, అవి వాడుకోండి" అన్నాడు. ఇది అక్షరాలా అతనన్న మాట. వెయిటింగ్ హాల్లో కనీసం ముప్ఫై మంది పెద్దవాళ్ళున్నారు, అందరూ చెప్పులు వేసుకునే లోపలికి వెళ్తున్నారు, వేసుకునే బయటికొస్తున్నారు. గట్టిగా అరిచి చెప్దామనుకున్నాను, ఏడుపొచ్చేసి బయటికొచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డాక్టర్లందరూ ఇంతే అని నేననడం లేదు. గుంటూరు డాక్టరమ్మ కూడా డాక్టరే, ఆవిడకీ బయట జనం ఉన్నారు.

మీరు చేయాల్సింది చెప్తాను. పెద్దవాళ్ళని తీసుకెళ్తే కుర్చీలో కూర్చోగానే మీరే చెప్పులు విప్పించి, పాదాలు చూడండి సార్ అనండి, చూసేదాకా లేవకండి, వెనకాల ఎంతమంది ఉన్నా సరే. ఇచ్చిన కాగితం ఇంటికెళ్ళాక చూద్దాంలే అనుకోకుండా అక్కడే చదవండి, చేయని పరీక్ష చేసినట్టు రాసి ఉంటే అక్కడే కొట్టేయించి సరిగ్గా రాయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే బీ12 విటమిన్ కూడా చూడమనండి, అది తగ్గినా కాళ్ళు మంటలొస్తాయట, మా అమ్మకి ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. డబ్బు కట్టి తీసుకున్న వైద్యం కన్స్యూమర్ చట్టం కిందకే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, కాబట్టి నేను సోమవారం జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తున్నాను. ఫోన్ చేసి అడగాలంటే హెల్ప్‌లైన్ 1915.

అదే క్లినిక్‌లో ప్యాకేజీ తీసుకున్నవాళ్ళు ఉంటే రేపే వెళ్ళి ఫైలు కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి. అందులో పాదాల దగ్గర ఏం రాసి ఉందో చూసి నాకు మెసేజ్ పెట్టండి. వాళ్ళు "ఇవ్వం" అంటే 72 గంటల సంగతి చెప్పండి, ఇస్తారు.