నాట్లు ఆలస్యమైతే ఏ వరి?

కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఏడాది ఈ ప్రశ్న తప్పదు.

పూత: పాత దేశవాళీ వరి చాలావరకు పగలు కురచయ్యాకే పూస్తుంది. 1966లో వచ్చిన పొట్టి వరి ఐఆర్8 బాట పట్టిన రకాలు ఎక్కువగా విత్తిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటాయి.

కారణం: హెచ్‌డీ1 జన్యువు పొడవు పగళ్లలో పూతను ఆపుతుంది, కురచ పగళ్లలో పూతను ముందుకు తోస్తుంది. జీహెచ్‌డీ7 కూడా పొడవు పగళ్లలో పూతను ఆపేదే. కానీ ఆ జాప్యంలో కంకికి గింజలు పెరుగుతాయి. నా దృష్టిలో అసలు బేరం ఇదే. ఈ జన్యువులు బలహీనపడితే పొడవు పగళ్లలో పూత తొందరగా వస్తుంది, దిగుబడి కొంత తగ్గవచ్చు.

ప్రమాదం: నెల ఆలస్యంగా విత్తినా మొదటి రకం (దేశవాళీ) దాదాపు అదే సమయానికి పూస్తుంది, ఎదిగే గడువే తగ్గుతుంది. రెండో రకం (ఐఆర్8 బాటది) కోత ఆ నెలా వెనక్కి జరిగి తుపానుకు చిక్కవచ్చు.

శ్రమ: పొడుగు దేశవాళీ పడిపోతుంది, ఎరువు తగ్గించాలి.

రబీకైతే రెండోదే. నీరు నిలిచే పల్లపు భూమిలో, ఖరీఫ్ ఒక్కటే పండించేవారికి మొదటిది నయం. ఖరీఫ్ వెంటనే మినుము వేయాలంటే మాత్రం స్వల్పకాలిక రకమే, అదీ సకాలంలో నాటితేనే.