అమ్మమ్మకి కొన్న ఆడియో బైబిల్ డబ్బా: ఆరు నెలలు వాడాక

మూడు స్టార్లు. నాలుగు ఇద్దామనే అనుకున్నా, ఎందుకు తగ్గిందో చెప్తా.

మా అమ్మమ్మకి ఎనభై దాటాయి, ఊరు ఒంగోలు దగ్గర పల్లె. ఒక కంటికి శుక్లం తీయించాం, రెండో కన్ను ఇక లాభం లేదన్నారు. పెద్దక్షరాల బైబిల్ కూడా ఇప్పుడామెకి చీమల బారులా కనిపిస్తోందట. ఆమె బడికి పోయింది రెండో తరగతి దాకానే. మిగతా చదువంతా సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి, తర్వాత అవే వాక్యాల్ని అచ్చులో వేలు పెట్టి వెతుక్కుంటూ నేర్చుకున్నదే. రేషన్ కార్డు మీద పేరు చదవాలంటే తడుముకునేది గానీ కీర్తనల గ్రంథం మాత్రం గడగడా చదివేసేది. అలాంటి మనిషి పుస్తకం మూసి పక్కన పెట్టేసి ఊరికే కూర్చోవడం చూడలేక, ఉజ్జీవ సభలకి వెళ్ళినప్పుడు బయట పుస్తకాల స్టాల్లో ఈ డబ్బా కొన్నా. 1,450 చెప్పాడు. "దేవుని పని బ్రదర్, బేరాలు వద్దు" అంటూనే 1,300కి ఇచ్చాడు.

ఇటుకలో సగం ఉంటుంది, పాత ట్రాన్సిస్టర్‌ని గుర్తు చేస్తుంది. ముందు స్పీకర్ జాలీ, దాని మీద బంగారు రంగు సిలువ (మూడో నెలకే సగం గీసుకుపోయింది), కింద 0 నుంచి 9 దాకా బటన్లు, పక్కన ఓ టార్చి. లోపల మెమరీ కార్డులో 66 పుస్తకాల బైబిల్ మొత్తం చదివిన ఆడియో, ఆరొందల పాటలు. ఎఫ్ఎం కూడా ఉంది, ఎవరూ పెట్టరు. పాట నంబరు నొక్కితే ఆ పాట వస్తుంది. రోజుకి రెండు గంటలు వాడితే ఛార్జింగ్ మూడు రోజులు ఆగుతోంది. సౌండైతే మామూలుగా లేదు, వరండాలో పెడితే రోడ్డు మీదకి వినిపిస్తుంది, తెల్లారుజామున నాలుగున్నరకి ఆన్ చేసి వీధంతా లేపేసిన ఘనత కూడా మా అమ్మమ్మకి ఉంది.

చదివిన గొంతుకి మాత్రం నూటికి నూరు. వెనకాల వీణలూ ఫ్లూట్లూ పెట్టకుండా, ఏడుపు గొంతు పెట్టకుండా, ఒక పెద్దాయన తాపీగా, వాక్యం వాక్యానికీ ఊపిరి పీల్చుకునేంత టైమిచ్చి చదివాడు. చదివింది పాత అనువాదమే, ఆ గ్రాంథికమే. హైదరాబాద్‌లో పెరిగిన మా అక్క పిల్లలకి "యేలయనగా" దగ్గరే నవ్వాగదు. అమ్మమ్మకి అది పుస్తక భాష కాదు, మాట్లాడే భాష. అందరూ సమాధానం అంటే జవాబు అనుకుంటారు, మా పేటలో సమాధానం అంటే మనశ్శాంతి. సాక్ష్యం అంటే కోర్టు గుర్తొస్తుంది మీకు, మాకేమో ఆదివారం మైకు పట్టుకుని జ్వరం ఎలా తగ్గిందో, కొడుక్కి ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పడం. వాగ్దానం ఎన్నికల ముందు ఇచ్చేది కాదు, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి తీసుకునే వాక్యం కార్డు.

ఇంకోటి కూడా ఈ డబ్బా పెట్టాకే నాకు తట్టింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మా వైపు చర్చిల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కరువు రోజులు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు పట్టి కరువు జనానికి కూలి ఇప్పించింది అప్పుడే. ఆ రోజు ఏట్లో దిగినవాళ్ళలో ఎక్కువమంది మాదిగ పల్లెల జనం, పుస్తకం చదివి నమ్మినవాళ్ళు కాదు, చెట్టు కింద ఎవరో చెప్తే, పాడితే విన్నవాళ్ళు. వాళ్ళలో చాలామందికి మిషన్ బళ్ళు, పలకలు, అక్షరాలు ఆ తర్వాతే. మధ్యలో రెండు మూడు తరాలు చదువుకుని, ఇప్పుడు అమ్మమ్మ మళ్ళీ వినడం దగ్గరికే వచ్చింది.

సరే, గొడవలు చెప్తా. మొదటిది, ఇదే పెద్దది. ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తే ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. ముందు ఒకావిడ ఇంగ్లీషులో "బ్లూటూత్ మోడ్" అని అరుస్తుంది, తర్వాత నేరుగా ఆదికాండము ఒకటో అధ్యాయం. అమ్మమ్మ ఇరవై నిమిషాలు విని నిద్రపోతుంది, మర్నాడు మళ్ళీ వెలుగు కలుగుతుంది, మళ్ళీ ఆరు రోజుల సృష్టి. మొదటి నెలంతా ఏదెను తోట దాటలేదు పాపం. "ఈ ఆదాము ఇంకా పండు తింటానే ఉన్నాడేందిరా" అని ఫోన్ చేసింది. 1,189 అధ్యాయాలు లోపల పెట్టి, ఆగిన చోట గుర్తు పెట్టుకునే చిన్న ఏర్పాటు పెట్టకపోవడం ఏం తెలివో అర్థం కాలేదు. పుస్తకంలో అయితే ఒక దారప్పోగు చాలు.

రెండోది పాటలు. ఆరొందల్లో పాత కీర్తనలు డెబ్భైకి మించి లేవు, అవీ నాలుగొందలు దాటాక చివర్లో ఎక్కడో తోశారు. మిగతావన్నీ ఇప్పటి పాటలు: కీబోర్డు, రిథమ్ ప్యాడ్, సినిమా బీటు. నేనూ చర్చి యూత్‌లో ప్యాడ్స్ వాయించినవాణ్ణే కాబట్టి తిట్టే హక్కు పెద్దగా లేదు, మా పేటలో కీబోర్డు నేర్చుకున్న ప్రతివాడూ చర్చిలోనే నేర్చుకుని ఇప్పుడు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో తింటున్నాడు, అదీ నిజమే. బాలుగారు, చిత్రగారు క్యాసెట్లలో పాడిన రోజుల నుంచే మన క్రైస్తవ పాట సినిమా పాటతో పక్క పంచుకుంటోంది. నా గొడవ అది కాదు. ఆ డెబ్భైలో కూడా కొన్నిటికి బీటు తగిలించి రీమిక్స్ చేశారు. ఒకటి పెట్టగానే "ఎవరి పెళ్ళిరా ఇది?" అంది అమ్మమ్మ.

పాత పాటల పుస్తకం తెరిస్తే ప్రతి పాట మీదా రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, పల్లవి, అనుపల్లవి, చరణాలు. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) రాసినవి అలాంటివే. దొరల ట్యూనుకి తెలుగు మాటలు ఇరికించినవి కావు, భజన కట్టినట్టు తాళాలతో పాడుకునేవి. హార్మోనియం లేకపోయినా నాట్లేస్తూ పాడొచ్చు, అమ్మమ్మ వాళ్ళు పాడారు కూడా. ఆ నడకని నిమిషానికి 120 బీట్లకి పెంచితే ఆమె పెదాలు అందుకోలేకపోతున్నాయి, నేను చూస్తున్నా, సగం చరణంలో ఆగిపోతుంది. అయినా ముట్టుకోకుండా వదిలేసినవి ఓ నలభై ఉన్నాయి, ఆ నలభై కోసమే మూడో స్టార్.

ఛార్జింగ్ పిన్ను మూడో నెలకి లూజైంది. ఆరు నెలల వారంటీ అని రాసిచ్చిన నంబరు సభలు అయిపోయిన మర్నాటి నుంచి స్విచాఫ్. ఊళ్ళో సెల్ షాపు కుర్రాడు 150కి టంకం వేసిచ్చాడు, ఇప్పటిదాకా బానే ఉంది. సభల దగ్గర కొనేవాళ్ళు అక్కడే పిన్ను కదిపి చూసుకుని, ఆపి ఆన్ చేసి చూసుకుని కొనండి.

పాటల లిస్టు ఒక అట్ట మీద ఇచ్చారు, అక్షరాలు ఆవగింజంత, కళ్ళు కనపడని వాళ్ళ కోసం అమ్మే వస్తువుకి! నేను కూర్చుని అమ్మమ్మకి కావాల్సినవి పన్నెండు ఏరి నంబర్లు చెప్పా, రెండు రోజుల్లో కంఠతా పట్టేసింది, అది ఆమెకి అలవాటేగా. చిక్కల్లా బటన్లు తడిమితే అన్నీ ఒకేలా ఉండటం. 5 మీద ఏదైనా గుర్తు అంటిస్తే పైనా కిందా లెక్కపెట్టుకుంటుంది కదా అని బొట్టుబిళ్ళ గుర్తొచ్చింది. మా ఇంట్లో ఎక్కడ దొరుకుతుంది? పక్కింటి అత్తని అడిగితే నవ్వి ప్యాకెట్ మొత్తం ఇచ్చేసింది.

ఇప్పుడు సాయంత్రం ఐదింటికి ఆవిడ కూడా బియ్యం చేట పట్టుకుని మా అరుగు మీదకి వచ్చేస్తుంది. "ఆ నిదానం పాట పెట్టు పెద్దమ్మా" అంటే అమ్మమ్మ బిళ్ళ తడిమి 431 నొక్కుతుంది. బిళ్ళ మాత్రం పది రోజులకోసారి ఊడిపోతోంది, రెండో ప్యాకెట్ నడుస్తోంది.