కొండ వ్యూ పేరుతో ఎక్కువ రేటు కట్టేముందు కింద స్థలం ఎవరిదో కనుక్కోండి

కొండ ఊళ్లలో ఫ్లాట్ చూస్తున్నవాళ్లు జాగ్రత్త. బాల్కనీలోంచి లోయంతా కనిపిస్తుందని చెప్పి బిల్డర్ మా దగ్గర వెనకవైపు ఫ్లాట్ల కంటే ఎక్కువ రేటు వసూలు చేశాడు. ఇప్పుడు ఆ లోయవైపే రెండో ఫేజ్ అంటూ ఇంకో టవర్ లేపాడు. హాల్లో కూర్చుంటే ఎదురుగా సిమెంటు గోడ, దానికి వరసగా ఏసీ డబ్బాలు, బాత్రూం పైపులు. ఇదేమిటని అడిగితే "అగ్రిమెంటులో వ్యూ అని ఎక్కడుందో చూపించండి" అన్నారు. బ్రోచర్లో ఉంది, రేటు కాగితంలో ఉంది, సంతకాలు పెట్టించుకున్న అగ్రిమెంటులో మాత్రం ఆ మాటే రాయలేదు.

ఇంటి ధరలో చుట్టుపక్కల దృశ్యానికి వాటా ఉంటుందన్నది నిజమే. గదులు, విస్తీర్ణం, దూరం, పరిసరాలు అంటూ ధరను విడదీసి, దేనికెంత కడుతున్నామో లెక్కగట్టే హెడోనిక్ ప్రైసింగ్ పద్ధతికి 1974లోనే షెర్విన్ రోజెన్ అనే ఆర్థికవేత్త గట్టి సిద్ధాంతం ఇచ్చాడు. కానీ గదులు మన పేరున రిజిస్టర్ అవుతాయి, లోయ అవదు. అది కింద స్థలం ఉన్నవాడి దయ.

కోర్టుకెళ్తే సరిపోతుందనుకోకండి. ఇంగ్లండులో 1610 నాటి ఆల్డ్రెడ్ కేసులోనే వెలుతురు ఆపితే దావా వేయొచ్చు, అందమైన దృశ్యం పోయిందని వేయడానికి లేదన్నారు. కెనడాలోని వాంకూవర్ నగరం 1989 నుంచి కొండల వైపు చూపుకు బిల్డింగులు అడ్డు రాకుండా ఎత్తుకు హద్దులు పెట్టింది, నాకు చాలా నచ్చిన పని. అయితే అక్కడ కూడా కాపాడేది నలుగురూ నిలబడి చూసే చోట్ల నుంచి కనిపించేదాన్నే, ఎవరింటి కిటికీనో కాదు.

కాబట్టి ఫ్లాట్ చూశాక వాలు దిగి కింద ఖాళీ స్థలం దాకా వెళ్లండి. అది ఎవరిది, ఎన్ని అంతస్తులకు అనుమతి ఉంది, ముఖ్యంగా ఆ ఎత్తును ఎక్కణ్ణుంచి కొలుస్తారు? పైరోడ్డు మట్టం నుంచా, కింద నేల నుంచా? వాలు మీద ఈ ఒక్క తేడాతోనే కొన్ని అంతస్తులు అటూఇటూ అవుతాయి. వ్యూ బాగున్నచోట వాలూ ఎక్కువే ఉంటుంది, అందుకే వాలు మట్టి జారకుండా ఆపే గోడ (రిటైనింగ్ వాల్) కూడా చూడండి. గట్టి వాన పడ్డాక నీళ్లు పోవడానికి గోడకు వదిలిన రంధ్రాల్లోంచి కాకుండా పగుళ్లలోంచి నీళ్లు కారుతున్నా, గోడ ఉబ్బినా వెనక నీరు నిలుస్తోందని అనుమానించాల్సిందే.

వ్యూకి తీసుకునే డబ్బును అగ్రిమెంటులో విడిగా రాయించండి, అడ్డుగా ఏదైనా కడితే అది వాపసు ఇవ్వాలన్న షరతుతో సహా. ఒప్పుకోకపోతే వెనకవైపు ఫ్లాట్ రేటుకే బేరమాడండి.